పొలం అడిగిన ప్రశ్నలు

పరిశోధన అన్న మాట వినగానే మనలో చాలామందికి తెల్లకోటు తొడిగిన మనిషీ, గాజుగొట్టాలూ, అంతుబట్టని అంకెలూ కళ్ళకు కడతాయి. అదంతా యెక్కడో మహానగరాల్లో జరిగే వ్యవహారమనీ, మన వంటింటికీ మన పొలానికీ దానితో పనిలేదనీ అనుకుంటాము. గుంటూరు, ప్రకాశం జిల్లాల సంగతి తెలిసినవాణ్ణి కనుక నేను యీ మాట వొప్పుకోలేను. యిక్కడి పత్తి చేలూ, మిరప తోటలూ, మంచినీళ్ళ బావులూ శాస్త్రజ్ఞులకు వేసిన ప్రశ్నలు కొన్ని వున్నాయి. వాటిలో కొన్నిటికి జవాబులు దొరికాయి. కొన్నిటికి జవాబు దొరికినా అది రైతు గడప దాకా రావటానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు.

ఎద్దులు బయటపెట్టిన రోగం

1930 దాటిన తొలి సంవత్సరాల నాటి మాట. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రైతులకు వొక వింత బాధ వచ్చిపడింది. బలంగా వున్న ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేవి. కాడి కట్టబోతే కదిలేవి కావు. వాటిని వదిలించుకుని కొత్త జతను తెచ్చుకున్నా, కొంతకాలానికి వాటికీ అదే గతి పట్టేది. ఒంగోలు గిత్తకు పేరుమోసిన సీమలో ఎద్దు కుంటిదైతే రైతుకు కాలు విరిగినట్టే గదా!

తరువాత చూస్తే మనుషులకూ అదే రోగం వుంది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గారలు. పెద్దల వెన్నెముక వంగక, మెడ తిరగక పోవటం. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని యీ వ్యాధిని గురించి వైద్య పరిశోధన పత్రికలో ప్రకటించారు. దోషం గాలిలో లేదు, తిండిలో లేదు. తాగే బావినీళ్ళలో వున్న ఫ్లోరైడులో వుందని తేలింది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి మనుషులలో వున్నదని ప్రపంచానికి తెలియజెప్పిన తొలి నివేదిక అదే. అప్పుడు నెల్లూరు జిల్లాలో వున్న పొదిలి, 1970లో యేర్పడిన కొత్త జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం అన్న పేరు వచ్చింది.

అమెరికాలో కూడా పళ్ళ గారకు కారణం తెలియక దంతవైద్యులు యేళ్ళ తరబడి తలపట్టుకున్నారు. 1931లో వొక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ నీళ్ళు పరీక్షించి ఫ్లోరైడును పట్టుకున్నాడు. అక్కడ పంటి మీది మచ్చ దారి చూపితే, యిక్కడ నడవలేని ఎద్దు చూపిందన్నమాట.

గృహిణులు గుర్తుంచుకోవలసిన సంగతి వొకటి వుంది. నీళ్ళు కాచితే సూక్ష్మజీవులు చస్తాయిగాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు యింకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును విరిచే పద్ధతిని 1970 తరువాతి సంవత్సరాలలో మన శాస్త్రజ్ఞులే రూపొందించారు. నల్లగొండ పద్ధతి అని దానికి పేరు.

కారం యెక్కడుంది?

షార్ట్ నివేదిక వెలువడిన 1937లోనే హంగరీ దేశస్థుడు సెంట్-జార్జికి నోబెల్ బహుమతి వచ్చింది. సి విటమినును పుష్కలంగా తీయటానికి ఆయనకు అక్కరకు వచ్చింది వాళ్ళ వూరి మిరపకాయే! పచ్చిమిరపలో ఆ విటమిను సమృద్ధిగా వుంటుంది. యెండబెడితే చాలా మటుకు పోతుంది.

కారం గింజల్లో వుంటుందని మన ఆడవాళ్ళు అంటారు. నిజానికి అది గింజలు అంటుకునివుండే తెల్లటి యీనెలో పుడుతుంది; గింజలకు అంటేది ఆ పక్కవాటం వల్లనే. కారానికి మూలమైన కాప్సైసిన్ మన నరాలలో యే తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. కాలే వేడిని గుర్తుపట్టే తలుపే అది! అంచేతనే కారం తింటే నోరు 'మండింది' అంటాము. యీ పనికే ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షులలో ఆ తలుపుకు కాప్సైసిన్ తగలదు. రామచిలుక మిరపపండును హాయిగా కొరికి తిని, గింజలను దూరదూరాలకు చేరవేయటంలోని మర్మం యిదీ. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు గనుక, మంట పుట్టినప్పుడు చెంబెడు నీళ్ళకన్న గరిటెడు పెరుగన్నం మేలు.

మందు పెంచిన పురుగు

యిక నవ్వులాటలేని కథ. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో పత్తి తెల్లబంగారమని పేరు తెచ్చుకున్న రోజుల్లో, 1980 తరువాత కొత్తరకం పురుగుమందులు వచ్చాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అంటారు వాటిని. మొదట్లో గొప్పగా పనిచేశాయి. రైతు సంబరపడి వొకటికి రెండుసార్లు కొట్టాడు.

1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. ఆకులడుగున చేరి రసం పీల్చి, తేనెలాంటి జిగురు విసర్జించింది. దాని మీద నల్లటి బూజు పట్టి చేలకు చేలు మసిబారాయి. రైతు యింకా మందు కొట్టాడు. దోమ యింకా పెరిగింది!

యిదేమి విడ్డూరమని శాస్త్రజ్ఞులు పరిశీలిస్తే లెక్క తేలింది. తెల్లదోమను తినే చిన్నచిన్న మిత్రకీటకాలు ఆ మందులకు ముందుగా చచ్చిపోతున్నాయి. కాపలాదారు చచ్చినచోట దొంగకు అడ్డేముంది? ఆఫ్రికాలో సూడాను దేశపు గెజీరా పత్తి సీమలోనూ యిదే జరిగింది.

తరువాత 1987-88 వచ్చింది. యీసారి శనగపచ్చ పురుగు. మందు మీద మందు కొట్టినా అది చావలేదు. మందు తట్టుకునే పురుగులు మాత్రమే మిగిలి, వాటి సంతానమే చేను నిండిందని పరీక్షల్లో రుజువైంది. కాని ఆ రుజువు కాగితం మీదికి రాకముందే రైతులు అప్పుల పాలయ్యారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపలేని మందు మనిషిని చంపింది.

ఆ దెబ్బ తరువాత దారి మారింది. గుంటూరు దగ్గర 1922లో నెలకొన్న లాం ఫారంలో, తెల్లదోమను తట్టుకునే ఎల్.కె. 861, కాంచన వంటి పత్తి రకాలు తయారయ్యాయి. దోమను చంపటానికి బదులు దానికి నచ్చని మొక్కను పెంచటం అనే ఆలోచన అది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చి శనగపచ్చ పురుగుకు కొంత కళ్ళెం పడింది. తరువాతి దశాబ్దంలో గులాబీరంగు పురుగు బీటీ రక్షణకూ అలవాటుపడిపోయింది. పురుగుతో పోరు వొక్క యుద్ధంలో తేలేది కాదు.

పూలలో నల్ల తామర పురుగు

మిరపతోటలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని మన రైతుకు చిరకాలంగా తెలుసు. 2021లో ఆ తెలివి చాలలేదు. పూలలో దూరి, పూతను రాల్చే నల్లటి తామర పురుగు వచ్చింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జాతి యిది. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరులో, బొప్పాయి మీద దొరికింది. ఆరేళ్ళలో అది మిరపకు పాకి ఆంధ్ర, తెలంగాణాల తోటలను తుడిచిపెట్టింది. కౌలు చెల్లించి, విత్తనానికీ యెరువుకూ అప్పుచేసిన రైతు, కాయ కాయవలసిన తోటలో వట్టి కొమ్మలు చూసుకున్నాడు.

ఆనాటి సలహాలు చూస్తే 1984 నాటి పాఠమే మళ్ళీ కనిపిస్తుంది. దొరికిన మందులన్నీ కలిపి కొట్టవద్దు. తోటలో నీలిరంగు జిగురు అట్టలు పెట్టి పురుగు జాడ కనిపెట్టు. చుట్టూ జొన్న, మొక్కజొన్న సాళ్ళు వెయ్యి. నత్రజని అతిగా దిమ్మరించకు. చెప్పటం తేలిక. చేను యెండిపోతూంటే, మందుల కొట్టు మాత్రం యెదురుగా వుంటే, చేతిలో డబ్బా పట్టుకోకుండా నిలబడటం యెంత కష్టమో రైతు యింట్లో వున్నవారికే తెలుసు.

అంచేత యీ కథల్లో నాకు కొట్టవచ్చినట్టు కనిపించేది వొక్కటే. పొదిలి రైతు ఎద్దును చూశాడు, పత్తి రైతు దోమ పెరగటాన్ని చూశాడు, మిరప రైతు పూలు రాలటాన్ని చూశాడు. మొదటి పరిశీలకుడు ప్రతిసారీ అతడే. అతని మాట ప్రయోగశాలకు త్వరగా చేరాలి. ప్రయోగశాల మాట అప్పులవాడికన్న, మందుల వ్యాపారికన్న ముందుగా అతనికి చేరాలి.

చదువుకున్న పిల్లలున్న కుటుంబాలు యిందులో చేయగల పని కొంత వుంది. సొంతవూరికి వెళ్ళినప్పుడు బావినీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపించండి. పొలం మీద వున్న బాబాయికో మేనమామకో మందు డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి వినిపించండి. తెలియని పురుగు కనిపిస్తే రెండు పూలు కాగితంలో చుట్టి, దగ్గరలో వున్న వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెంటనే తీసుకుపొమ్మనండి.