రాకెట్లో ఆవు పడుతుందా?

సండే స్కూల్లో నోవహు ఓడ పాఠం చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, ‘అయ్యగారూ, మనుషులు అంగారకుడి మీదికి కాపురానికి వెళితే ఆవుల్ని కూడా తీసుకెళతారా? రాకెట్లో ఆవు పడుతుందా?’ అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతున్న శాస్త్రజ్ఞులు నిజంగానే ఉన్నారు మరి.

ఆవు పట్టదన్నదే ఇప్పటికి జవాబు. అంగారకుడికి ప్రయాణం ఆరు నుంచి తొమ్మిది నెలలు. అన్నాళ్లకు సరిపడా మేత, నీళ్లు ఎక్కడ పెడతారు? 1990లో మిర్ అంతరిక్ష కేంద్రంలో కౌజుపిట్ట గుడ్లను పొదిగించారు. పిల్లలైతే పుట్టాయి గానీ, కాళ్లూనే నేల లేక గాలిలో తేలుతూ మేత కూడా సరిగా తినలేకపోయాయి.

అందుకే జపాన్‌లోని యామనాషి విశ్వవిద్యాలయానికి చెందిన తెరుహికో వకయామ మరో దారి పట్టారు. జంతువును కాదు, దాని బీజాన్ని పంపుదామన్నారు. 2013లో ఎలుకల వీర్యాన్ని ఘనీభవింపజేసి, ఎండబెట్టి, చిన్న చిన్న గాజు గొట్టాల్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపారు. కొన్ని గొట్టాలు అక్కడ 5 సంవత్సరాల 10 నెలలు ఉండి తిరిగొచ్చాయి. వాటితో 168 పిల్లలు ఆరోగ్యంగా పుట్టాయని 2021లో ప్రకటించారు. అయితే ఆ పిల్లల్ని మోసింది భూమి మీది తల్లులే. బీజాన్ని జేబులో వేసుకుని వెళ్లగలం, గర్భాన్ని ఎలా తీసుకెళతాం?

పైగా ఒక్క జత చాలదు. దగ్గరి రక్తంలో సంతానం కలుగుతుంటే మంద తరతరానికీ బలహీనపడుతుంది. ఆ ముప్పు తప్పాలంటే సంతానానికి పనికొచ్చే పశువులు కనీసం 50, జాతి చిరకాలం నిలవాలంటే 500 ఉండాలని జన్యుశాస్త్రంలో 1980 నుంచి ఒక లెక్క ఉంది. మరి ఓడలో జతలే కదా అని వాదించేవారితో మేము వాదానికి దిగం. పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున ఎక్కించమన్న మాటను మాత్రం గుర్తుచేస్తాం.

ఇంత దూరం ఎందుకు, మన ఒంగోలు జాతి కథే చూద్దాం. 1960ల తొలినాళ్లలో మన ఆబోతులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. 1962లో వెళ్లిన మందను ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో దించి, రోగాలేవీ లేవని తేలాకే లోపలికి రానిచ్చారు. మన కరవది ఊరి పేరుతోనే ఒక ఆబోతు అక్కడ పెద్ద వంశానికి మూలమైంది. నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అని పిలిచే ఆ జాతిదే ఇప్పుడు అక్కడి పశుసంపదలో పెద్ద వాటా. 2023లో ఆ జాతి ఆవు ఒకదానికి వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆశ్చర్యమే. అయితే పేరున్న కొద్దిపాటి ఆబోతుల బీజమే లక్షల ఆవులకు ఎక్కిస్తూ పోతే అంత పెద్ద మందలోనూ వైవిధ్యం సన్నగిల్లుతుంది. అప్పుడు కొత్త రక్తం కోసం పుట్టింటి వైపే చూడాలి. పుట్టింట్లో ఏమున్నాయి?

ఆదికాండములోని తేదీలు లెక్కవేస్తే నోవహు ఓడలో ఉన్నది సంవత్సరం పది రోజులు. తనకూ జంతువులకూ కలిపి ఆహారం సమకూర్చుకోమని దేవుడు ముందే చెప్పాడు. ఆ ఎనిమిది మందీ రోజూ మేత వేసి ఉంటారు, పేడ ఎత్తి ఉంటారు. సండే స్కూల్ బొమ్మల్లో పేడ కనబడదు! నీళ్లు తగ్గే వేళ దేవుడు నోవహునే కాదు, ఓడలోని పశువులనూ జ్ఞాపకం చేసుకున్నాడని ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ తర్వాత చేసిన నిబంధనలోనూ వాటికి చోటిచ్చాడు.

మా సంఘంలో ఒక పెద్దాయనకు ఒకప్పుడు ఒంగోలు ఎడ్ల జత ఉండేది. ట్రాక్టరు వచ్చాక అమ్మేశారు. మొన్న ప్రార్థనకు వారింటికి వెళితే కొట్టంలో మనవడి మోటారు సైకిలు ఉంది. గాడిని మాత్రం ఆయన తీయనివ్వలేదట.