గాజుగోడల నడుమ సముద్రము

సముద్రపు చేపలను పెద్ద తొట్టిలో పెంచదలచినవారు మొట్టమొదట గాజును గూర్చి, రంగురంగుల చేపలను గూర్చి విచారింతురు. నీటిని శుద్ధిచేయు పరికరముల మాట చిట్టచివర వచ్చును. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని శ్రోతలకు మనవి చేయుటయే మా ప్రసంగోద్దేశము. ఏలయన, కొన్న చేపలు నెల తిరుగకముందే చచ్చుటకు సామాన్యముగా కారణము ఈ వరుసలోని పొరపాటే.

సముద్రములో చేప విడిచిన మాలిన్యము అపారమైన జలరాశిలో కలిసిపోవును. తొట్టిలో దానికి పోవు దారి లేదు. చేప మొప్పలనుండి అమోనియా అను విషము వెలువడును. తినగా మిగిలిన మేత కుళ్ళినపుడును అదియే పుట్టును. అది కంటికి కనబడదు. పైగా సముద్రజలము కొంత క్షారగుణము కలది. క్షారజలమున అమోనియా మరింత ప్రమాదకరమగును. కావున తేటగా నున్న నీరెల్ల క్షేమకరమైన నీరు కాదు.

శుద్ధి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది వడపోత. ఇసుకగాని, స్పంజిగాని, పీచుపొరగాని నీటిలోని నలుసులను పట్టును. అయితే పట్టిన మలినము అక్కడనే నిలిచి కుళ్ళుచుండును. కావున దానిని తరచుగా తీసి కడుగనిచో వడపోత జరిగియు ఫలము లేదు.

రెండవది జీవశుద్ధి. కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేరు సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఇది చాలవరకు నిరపాయకరము. ఈ జీవులు సందులుగల రాళ్ళపైనను, పింగాణి ముక్కలపైనను అంటుకొని బ్రతుకును. ఇవి చాలినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలను నింపరాదు. ఈ రాళ్ళను క్లోరిను కలిసిన కుళాయినీట కడిగినచో సూక్ష్మజీవులు నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే కడుగవలెను.

మూడవది నురుగుశుద్ధి. అలలు విరుగుచోట నురుగు ఏర్పడుట మనము సముద్రతీరమున చూచుచునే యున్నాము. ప్రొటీన్ స్కిమ్మరు అను పరికరము ఆ పనినే ఒక గొట్టములో చేయును. సన్నని గాలిబుడగలకు మాంసకృత్తులవంటి మలినములు అంటుకొని నురుగై పైకి వచ్చి, వేరొక పాత్రలో పడును. అవి కుళ్ళి అమోనియాగా మారకముందే తొలగిపోవుట దీనివలని లాభము. ఉప్పునీటిలో బుడగలు సన్నముగా నుండును గనుక ఈ పరికరము ఆ నీటికే బాగుగా పనికివచ్చును.

ఇన్ని చేసినను నైట్రేటు తొట్టిలో పోగుపడుచునే యుండును. అప్పుడప్పుడు కొంత నీరు తీసి క్రొత్తనీరు పోయవలెను. ఆ నీరు ఎక్కడిది? పరికరముల ఎంపిక ఈ ప్రశ్నపై ఆధారపడి యున్నది. అమెరికాలో మాంటరే అఖాతపు టొడ్డున 1984లో తెరచిన అక్వేరియములో సముద్రజలమును ఎడతెగక తోడుదురు. పగలు చూపరులకొరకు దానిని వడపోయుదురు. రాత్రి వడపోయక వదలి, అందలి సూక్ష్మప్రాణులు తొట్టిలోని జీవులకు ఆహారమగునట్లు చేయుదురు. చికాగో నగరమునకు అట్టి వసతి లేదు. అక్కడి షెడ్ అక్వేరియమునకు 1930లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుండి పది లక్షల గాలనుల సముద్రజలమును రైలుబండ్లలో తెచ్చిరి. అట్లు తెచ్చిన నీటిని శుద్ధిచేసి మరల మరల వాడుకొనక తప్పదుగదా!

మన విశాఖపట్టణమువారికి సముద్రము చేరువ. హైదరాబాదువారు లవణమిశ్రమమును మంచినీటిలో కలిపికొనవలెను. అయితే తీరమువారును నీటిని కొలిచి చూడవలసినదే. వర్షకాలమున గోదావరీ కృష్ణల వరదలు చేరినపుడు తీరజలమున ఉప్పు తగ్గును. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండుట సామాన్యము.

ఒక లెక్క చూతము. రెండు మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తుగల తొట్టిలో 980 లీటర్లు పట్టును. నీటి బరువే ఒక టన్ను; అందలి లవణములు 34 కిలోలు. నేల ఆ బరువును మోయగలదేమో ముందుగా చూచుకొనవలెను. గంటకు ఐదుమార్లు నీరు తిరుగవలెనన్నచో పంపు 5,000 లీటర్లు ఇయ్యవలెను. పంపుపై వ్రాసిన లెక్క నీటిని ఎత్తనప్పటిది. ఎత్తుకొలది అది తగ్గును. నీరు తగులుచోట రాగి, ఇత్తడి ఉండరాదు. రాగి రొయ్యలకును, పగడపు జీవులకును ప్రాణాంతకము. నీరు ఆవిరియైనపుడు ఉప్పు తొట్టిలోనే మిగులును గనుక, తరుగునకు మంచినీరే పోయవలెను.

ఇక విద్యుత్తు సంగతి. 25 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో లీటరు మంచినీరు సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, సముద్రజలము 6.7 మిల్లీగ్రాములనే ఇముడ్చుకొనును. ఎండ పెరిగినకొలది అదియు తగ్గును. రాత్రివేళ విద్యుత్తు పోయి పంపు నిలిచినచో చేపలును, వాటిని కాపాడు సూక్ష్మజీవులును ఒక్కసారిగా ఊపిరాడక నశింపవచ్చును. కావున ఒక పెద్ద పంపునకు బదులు రెండు చిన్నవి కొనుట మేలు. ఒకటి చెడినను రెండవది నడచును. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి సిద్ధముగా నుండవలెను.

కొనుగోలునకు వరుస ఇది: ముందు పంపులు, శుద్ధిపరికరములు, గాలిపంపు, తరువాత తొట్టి, అమోనియా, నైట్రైటులు లేవని పరీక్షలో తేలిన పిమ్మట, కొద్దికొద్దిగా చేపలు. ధనము చాలనిచో చేపల సంఖ్యను తగ్గింపుడు, పంపులను తగ్గింపకుడు.