ఎత్తు మారిన పైరు మారును

కాఫీ అరకులోయలో పండుచున్నది గదా, కొండ దిగువనున్న శృంగవరపుకోట పొలములలో ఎందుకు పండదు? మైదానపు రైతు ఈ ప్రశ్న అడుగుట సహజమే. రెండు ఊళ్ళకు నడుమ ఘాట్ రోడ్డున రెండు గంటల ప్రయాణము మాత్రమే. ఎఱ్ఱనేలలు అక్కడను కలవు, ఇక్కడను కలవు. భేదమంతయు ఎత్తులోనున్నది.

సముద్రమట్టము నుండి పైకి పోయిన కొలది ప్రతి వెయ్యి అడుగులకు వేడి సుమారు 2 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. శృంగవరపుకోట కొండ పాదముననున్నది. అరకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. అనగా దిగువ కంటె పైన దాదాపు ఆరు డిగ్రీల చల్లదనము. ఈ ఆరు డిగ్రీలే అరాబికా కాఫీకి ప్రాణము. పల్లపు వేడిలో దానికి ఆకు తుప్పు తెగులు హెచ్చును. నీడలేని ఎండలో కాండము తొలుచు పురుగు చెట్టును లోలోపల తినివేయును. నారు తెచ్చి నాటుట సులభమే. ఆ చల్లదనమును తేలేరు.

మీరు ఎప్పుడైన కొత్తవలస నుండి కిరండూలు రైలులో అరకు వెళ్ళిన యెడల కిటికీ వద్ద కూర్చుని చూడుడు. మొదట తాడిచెట్లు, మామిడి, జీడితోటలు. శివలింగపురము దాటిన పిదప వెదురు, మద్ది, చెట్లను చుట్టుకొని ప్రాకు అడ్డతీగ కనబడును. విస్తళ్ళు కుట్టెడి అడ్డాకు దీనిదే. మరికొంత పైకి పోగా తాడి పలుచబడి జీలుగుచెట్టు వచ్చును. కల్లుగీత అక్కడను కలదు, చెట్టే వేరు! సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మ్రానులకే ప్రాకించిన మిరియపు తీగలు. మెట్టలలో చోడి, సామ, పసుపు. చలి ఆరంభమగు నాటికి వలిసె చేలు పసుపుపచ్చగ పూచియుండును.

అయితే ఎత్తు ఒక్కటి చాలదు. మదనపల్లెయు సుమారు 2,300 అడుగుల ఎత్తున నున్నది. అందువలననే కోస్తాలో వేడికి టమాట పూత రాలు దినములలో అక్కడ కాయ నిలుచును. కాని నైరుతి గాలి పడమటి కనుమల మీదనే నీటిని చాలవరకు దించి, ఎండిన గాలియై రాయలసీమకు చేరును. కనుక అక్కడ వాన తక్కువ. మన్యములో అట్లు కాదు. తడిగాలి కొండను ఎక్కుచు చల్లబడి మేఘమై కురియును. నైరుతి పోయిన పిదపను తుఫాను వానలు అందును. చల్లదనము, తడి కలిసిన చోటనే అడవి దట్టమగును.

ఇక మనుష్యుల సంగతి. మన్యములో అనేక గ్రామములు లోయ అడుగునగాని, కొండ నెత్తినగాని ఉండవు. వాలు తగ్గి చదునుకు వచ్చు అంచున ఉండును. క్రింద గెడ్డ వెంబడి మళ్ళు కట్టి వరి పండింతురు, పైనుండి ఊటనీరు తెచ్చుకొందురు, ఆపైన అడవి. పల్లపు భూమి వరికి విడుచుట ఒక కారణము. చలి మరియొక కారణము. శీతకాలపు రాత్రి, ఆకాశము నిర్మలముగ ఉన్నపుడు, చల్లగాలి బరువెక్కి నీటివలె వాలు వెంట జారి లోయ అడుగున చేరును. తెల్లవారుజామున లోయలో గడ్డిపై మంచు గట్టి, కొంచెము పైనున్న వాలున గట్టకపోవుట చూడవచ్చును. కనుక పుష్య మాసములో మంచుకు తాళని కూరగాయలను అన్నిటికంటె పల్లపు మడిలో వేయరాదు. కొంత వాలున వేసిన నష్టము తప్పును.

మైదానము వారు పూర్వము అక్కడ నివసింపకపోవుటకు మన్యపు జ్వరము పెద్ద కారణము. మెల్లగ పారు కొండవాగుల అంచులలో పెరుగు దోమ మలేరియాను వ్యాపింపజేయును. నేడు మందులు కలవు, రోడ్లు కలవు. అయినను ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనుటకు వీలులేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాని 1970 నాటి సవరణ గ్రామాధికారులకు తెలిసినవే.

పై అడవికి, క్రింది మడికి గల సంబంధమును మాత్రము కొందరు మరచుచున్నారు. పోడు కొట్టి రెండు మూడేండ్లు పండించి, చాలకాలము బీడుగ విడిచిన రోజులలో కొండ తిరిగి కోలుకొనెడిది. బీడు కాలము తగ్గిన కొలది వానకు మట్టి జారి దిగువ మళ్ళలోనే పడుచున్నది. మట్టి పోయిన వాలున నీరు ఇంకదు. మాఘము రాకమునుపే ఊట సన్నగిల్లును. నీడచెట్ల క్రింద కాఫీని ప్రోత్సహించుటలో పోడును తగ్గించవలెనను ఉద్దేశము గలదు. అరకు అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు నీడచెట్లు కూలి తోటలకు చాల నష్టము కలిగినది. నీడ పోయిన తోటలో కాఫీ ఎండకు మాడును. ఒకే జాతి చెట్టును నమ్ముకొనక, సిల్వర్ ఓక్‌తో పాటు పనస వంటి చెట్లను కలిపి పెంచుడు. పాత తోటలో ఖాళీపడిన చోట్లను తొలకరిలోనే గుర్తించి, కాఫీ మొక్కకు ముందు నీడమొక్క నాటుడు. ఊట పైనున్న వాలును మాత్రము పోడుకుగాని, తోటకుగాని కొట్టక అడవిగనే విడువుడు.