వీపుకు తగిన సంచి

మర్రిపాడు పిల్లలు కొందరు ఒకనాడు పెద్దవాళ్లతో కలిసి ఉదయగిరి కొండ ఎక్కటానికి బయలుదేరారనుకుందాం. వాళ్లలో ఒక కుర్రవాడు వాళ్ల అన్న సంచి అడిగి తెచ్చుకున్నాడు. సంచిలో చాలా చోటున్నది కదా అని రెండు పెద్ద సీసాల నీళ్లు, అన్నం డబ్బా, దుప్పటి, బంతి, నాలుగు కథల పుస్తకాలు అందులో కుక్కాడు. మొదట్లో అందరికన్నా ముందు వాడే నడిచాడు. సగం దారి ఎక్కేసరికి భుజాలు మండసాగాయి. సంచి నడుము కిందికి జారి, అడుగడుక్కూ అటూ ఇటూ ఊగుతూ వాణ్ణి వెనక్కు గుంజింది. ఒక నున్నటి రాతి మీద కాలు జారనే జారింది. పక్కనున్న మామయ్య చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది!

వాడికి బలం చాలక ఇలా జరగలేదు. సంచి వాడి వీపుకు తగినది కాదు, అంతే.

ఉదయగిరి సామాన్యమైన కొండ కాదు. సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున్నది. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గాని పట్టుకోలేకపోయాడు. అలాటి కొండ ఎక్కేవాడు వీపు మీద ఏమున్నదో ముందే చూసుకోవాలి.

బరువు మోయటంలో ఉన్న రహస్యాలు మన ఊళ్లోనే కనిపిస్తాయి. కావడి మోసేవాణ్ణి చూడండి. రెండు వైపులా బరువు సమంగా ఉంటుంది కనక నిటారుగా నడుస్తాడు. చంకన నీళ్లబిందె పెట్టుకున్న ఆమె రెండో పక్కకు వంగి నడుస్తుంది. ఒక భుజానికే తగిలించుకునే సంచి ఆ బిందె లాటిది. అందుకని రెండు పట్టీల సంచి కొనాలి. కొన్నాక రెండు పట్టీలూ వేసుకోవాలి!

తలమీద బుట్ట మోసేవాళ్లు చుట్టకుదురు ఎందుకు పెట్టుకుంటారు? బరువంతా ఒకచోటే నొక్కకుండా నాలుగు వైపులా పరుచుకోవటానికి. పట్టీ విషయమూ అంతే. సన్నటి పట్టీ తాడులా కోస్తుంది. వెడల్పుగా, లోపల మెత్త ఉన్న పట్టీ అదే బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది.

మూడో రహస్యం. ఒక చెంబును ఛాతీకి ఆనించి పట్టుకోండి. తరవాత చెయ్యి బారచాచి పట్టుకోండి. చెంబు అదే అయినా రెండోసారి బరువెక్కినట్టు ఉంటుంది. వీపుకు దూరంగా వేలాడే సంచి కూడా ఇలాగే మనిషిని వెనక్కు లాగుతుంది; దానికి జవాబుగా మనిషి ముందుకు వంగుతాడు, మెడా నడుమూ నొప్పి పుడతాయి. కనక పట్టీలు బిగించి, సంచి వీపును అంటుకుని ఉండేట్టు చూసుకోవాలి. సర్దేటప్పుడు తేలిక బట్టలు అడుగున, నీళ్ల సీసా వంటి బరువులు నడిమధ్య వీపు వైపున, దారిలో అక్కరపడేవి పైన పెట్టాలి.

సంచి కొలత మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి ఉంటుంది. తల వంచితే మెడ వెనక ఒక ఎముక బొడిపె తగులుతుంది. రెండు చేతులూ నడుము మీద, తుంటి ఎముకల పైన పెట్టుకుని, బొటనవేళ్లు వెన్ను వైపు చాచండి. బొడిపె నుంచి ఆ వేళ్ల మధ్య దాకా అమ్మనో నాన్ననో టేపుతో కొలవమనండి. అదే మీ వీపు పొడవు. సంచి అంతకన్నా కిందికి వేలాడితే అది మీది కాదు, మీ అన్నది!

పెద్దవాళ్లు రోజుల తరబడి నడిచేటప్పుడు మోసే సంచులకు నడుము పట్టీ ఉంటుంది. భుజాలకన్నా తుంటి ఎముకలూ కాళ్లూ గట్టివి; అందువల్ల బరువులో ఎక్కువ భాగం వాటి మీదికి దించుతారు. 1952లో అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన తేలికైన అల్యూమినియం చట్రంతో సంచులు చేసి అమ్మసాగాడు. ఇలాటి సంచులు వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఒక్కపూట నడకకు పిల్లలకు ఇంత హంగు అవసరం లేదు. పదిహేను, ఇరవై లీటర్లు పట్టే చిన్న సంచి చాలు.

ఇక బరువు మాట. బడిసంచి పిల్లవాడి బరువులో పదోవంతు మించరాదని 2020లో మన దేశపు విద్యాశాఖ చెప్పింది. కొండ ఎక్కేటప్పుడూ ఈ లెక్క మంచిదే. ముప్ఫై కిలోల పిల్లవాడు మూడు కిలోలు మోయవచ్చు. లీటరు నీళ్లు ఒక కిలో తూగుతాయి. ఉత్త సంచే కిలోన్నర ఉంటే ఇక అన్నానికీ నీళ్లకూ చోటెక్కడ? అందుకని సంచి తేలికగా ఉండాలి. ఏమి తగ్గించినా నీళ్లు మాత్రం తగ్గించకూడదు. నీళ్లు చాలవనిపిస్తే బంతీ పుస్తకాలూ ఇంట్లో ఉంచండి. మిగిలిన నీళ్లు పెద్దవాళ్ల సంచుల్లో పెట్టించండి. నెల్లూరు సీమలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. ఆ రోజుల్లో వెళితే సామానంతా ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల పెట్టుకోవాలి.

ఆత్మకూరుకు తూర్పున, సంగం దగ్గర, గాంధీజనసంగం అనే పల్లె ఉన్నది. మల్లి మస్తాన్ బాబు పుట్టింది అక్కడే. ఆయన 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని డెనాలితో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కాడు. మే 21న ఎవరెస్టు ఎక్కాడు. ఆ ఏడు రోజులూ లెక్కవేస్తే ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు వారాలూ వస్తాయి! 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలకు వెళ్లి ఆయన తిరిగి రాలేదు. అంతటి వీరుడికైనా పర్వతం పర్వతమే. అక్కడ అంగడి ఉండదు, పక్కిల్లు ఉండదు. వీపు మీద ఉన్నదే మన ఆస్తి. అందుకే కొండ మీదికి ఒంటరిగా వెళ్లకూడదు, పెద్దలు తోడుండాలి.

సంచి కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. అంగడిలో రెండు మూడు కిలోల బియ్యం పొట్లాలు అందులో పెట్టించి, పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఎక్కడ కోస్తున్నదో, ఎక్కడ ఊగుతున్నదో మీ ఒళ్లే చెబుతుంది. రంగు చూసి మోసపోకండి.

రేపు మీ బడిసంచిని కూడా తూకం వేయించి, మీ బరువులో ఎన్నో వంతో లెక్క కట్టండి. ఆ లెక్క నాన్నగారికి చూపించండి. ఇక ఉదయగిరికి వెళ్లినప్పుడు సంచిలో జానెడు చోటు ఖాళీగా ఉంచండి. ఆ ఊళ్లో చెక్కతో చక్కటి గరిటెలు చేస్తారు. ఒకటి అమ్మకు తేవచ్చు; అదేమంత బరువుండదు!