ఆడిన ఆటను మళ్ళీ చూసుకోవడం

మన పిల్లలలో చాలామంది వారాంతాలలో చదరంగం పోటీలకు వెళుతున్నారు. ఆట ముగించి హాలు బయటికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "గెలిచావా?" ఓడితే ఇంటికి చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడరు, లేదా ఒక్కరే మాట్లాడతారు. ఇంటికి వచ్చాక ఆటను కంప్యూటర్‌లో ఎక్కిస్తే అది క్షణంలో తప్పుటెత్తులన్నిటికీ ఎర్ర గుర్తులు పెట్టేస్తుంది. పిల్లలు అవి చూసి మూతి ముడుచుకుని లేచిపోతారు. దీన్ని విశ్లేషణ అనలేము. ఏది మంచి ఎత్తో కంప్యూటర్ చెప్పింది. అది మన పిల్లలకు ఆ సమయంలో ఎందుకు కనబడలేదో దానికి తెలియదు. తరువాతి పోటీకి పనికివచ్చేది ఈ రెండవ సంగతే.

ఎంత పెద్ద ఆటగాడికైనా ఎత్తు కనబడకుండా ఎలా పోతుందో ఒక ఉదాహరణ చూద్దాం. 2014 నవంబరులో రష్యాలోని సోచిలో మాగ్నస్ కార్ల్‌సెన్‌కూ మన విశ్వనాథన్ ఆనంద్‌కూ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ జరిగింది. ఐదు ఆటలయ్యేసరికి చెరి రెండున్నర పాయింట్లు. ఆరవ ఆటలో కార్ల్‌సెన్‌వి తెల్ల పావులు. 26వ ఎత్తులో ఆయన రాజును సి1 నుంచి డి2కు జరిపాడు.

ఇంట్లో బోర్డు ఉంటే పావులు పేర్చి చూడండి. పిల్లలు రూక్ అనేది మన ఏనుగు, బిషప్ అనేది శకటు. తెల్ల రాజు డి2లో, ఏనుగులు జి4, హెచ్5లలో, శకట్లు సి2, ఈ3లలో, బంట్లు ఏ2, సి3, సి4, ఈ5, ఎఫ్2, జి2లలో ఉన్నాయి. నల్ల రాజు బి7లో, ఏనుగులు జి8, హెచ్8లలో, శకటు సి6లో, గుర్రం జి6లో, బంట్లు ఏ5, బి6, సి5, ఈ6, ఎఫ్7, హెచ్6లలో ఉన్నాయి. ఇప్పుడు నల్లవారి ఎత్తు.

గుర్రం ఈ5లో బంటును తినేయవచ్చు! గుర్రం పక్కకు తప్పుకోగానే జి వరుసలో రెండు ఏనుగులు ఎదురుపడతాయి. తెల్ల ఏనుగు జి8లోని ఏనుగును చంపితే, గుర్రం సి4 బంటును కూడా తిని రాజుకు చెక్ చెబుతుంది. రాజు డి3కి వచ్చి గుర్రాన్ని పట్టబోతే అది బి2కు దూకి మళ్ళీ చెక్ చెబుతుంది. రాజు తప్పుకున్నాక హెచ్8 ఏనుగు తన బాకీ వసూలు చేసుకుంటుంది. మొత్తం మీద రెండు బంట్లు లాభం. అలా కాక తెల్లవారు ఈ5లో గుర్రాన్ని ఏనుగుతో చంపితే, జి4లోని ఏనుగు ఉచితంగా పోతుంది.

రాజు సి1లోనే ఉండి ఉంటే ఈ దెబ్బ పనిచేయదు. సి4లో తిన్నా చెక్ కాదు కనుక తెల్లవారు తాపీగా రెండో ఏనుగును కూడా తినేస్తారు. అంటే అంతవరకు చెడ్డదైన ఎత్తు, రాజు ఒక్క గడి జరగడంతో మంచిదైపోయింది. ఆనంద్ తన ఏ బంటును ముందుకు తోసే ఆలోచనలో ఉండి, అదే తోశాడు. 38 ఎత్తులలో ఓడిపోయాడు. ఎదురుచూడని బహుమతిని ఒక్కోసారి అందుకోలేమని తరువాత అన్నాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ రకం బగ్ బాగా పరిచయం. ఎప్పుడో లెక్కకట్టి దాచుకున్న విలువనే, లెక్క మారిన తరువాత కూడా వాడుతూ ఉంటాం. పిల్లల ఆటలలో మాకు ఎక్కువగా కనిపించేదీ ఇదే. "ఆ ఎత్తు ఇంతకుముందు చూశాను, కుదరలేదు" అంటారు. నిజమే, కుదరలేదు. కానీ ఆ తరువాత ఎదుటివారు ఒక పావు జరిపారు కదా!

అందువల్ల మేము మొదట కంప్యూటర్ తెరవనివ్వము. ఎత్తులు రాసుకున్న కాగితం, బోర్డు, పెన్సిల్ చాలు. జ్ఞాపకం చెదరకముందే, వీలైతే ఆ రోజే కూర్చోవాలి. ప్రతి ఎత్తు దగ్గర కాదు గాని, ఎక్కువసేపు ఆలోచించినచోట, ఆలోచించకుండా ఆడేసినచోట ఆగి, "అప్పుడు ఏమనుకున్నావు?" అని అడుగుతాము. జవాబు తెలుగులో చెప్పమంటాము (ఇందులో మా స్వార్థం కొంత ఉంది). ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే అతనితో కలిసి చూడటం ఇంకా మంచిది. "నువ్వు ఇది ఆడతావేమోనని భయపడ్డాను" అని అతను అన్నచోటే తరచుగా మన చేజారిన అవకాశం ఉంటుంది. గెలిచిన ఆటలను కూడా ఇలాగే చూడాలి. గెలుపు చాలా లోపాలను కప్పేస్తుంది.

తల్లిదండ్రులకు చదరంగం రాకపోయినా ఇబ్బంది లేదు. పై ప్రశ్న అడగడానికి ఆట రానవసరం లేదు, జవాబు పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఉంటే చాలు. కారులో మాత్రం వద్దు, ముందు అన్నం తిననివ్వండి.

కంప్యూటర్ ఆఖరున. అది చూపిన ప్రతి ఎర్ర గుర్తుకూ ఎదురుగా పిల్లలు తమ మాటల్లో ఒక్క వాక్యం రాయాలి. "తప్పు ఆడాను" అంటే కుదరదు. "అతని రాజు కదిలాక మళ్ళీ లెక్క చూడలేదు" అన్నట్లుండాలి. ఐదారు ఆటల కాగితాలు పక్కపక్కన పెడితే ఒకే వాక్యం రెండు మూడు చోట్ల కనబడుతుంది. తరువాతి నెల సాధనకు అంశం అదే.