చిన్న తెర చదివి నొక్కు

దుబాయి నుంచి సెలవు మీద కోరుట్లకు వచ్చిన మా బామ్మర్ది ఇంటిల్లిపాదికీ ఖర్జూరాలు, అత్తర్లు తెచ్చాడు. తనకోసం తెచ్చుకున్నది మాత్రం వేలెడంత కూడా లేదు. పెన్‌డ్రైవా అని అడిగాను.

"కాదు బావా, సంతకం పెట్టేది."

ఆ మాట సరిగ్గా చెప్పాడు. బ్రౌజర్‌లో పెట్టుకునే మెటామాస్క్ లాంటి క్రిప్టో వాలెట్‌ను చాలామంది పైసల సంచి అనుకుంటారు. అందులో పైసలుండవు. ఎవరికి ఎంత ఉందన్న లెక్కంతా బ్లాక్‌చెయిన్ మీద ఉంటుంది. ఆ లెక్క కదలాలంటే ఒక రహస్య సంఖ్యతో సంతకం పడాలి. ఉత్త మెటామాస్క్ వాడితే ఆ సంఖ్య మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. దొంగ సైటులో సినిమా దించుకుంటే దాంతోపాటు చొరబడ్డ ప్రోగ్రాం దాన్ని ఎత్తుకుపోవచ్చు. లెడ్జర్, ట్రెజర్ లాంటి పరికరాలు దాన్ని తమ కడుపులోనే దాచుకుంటాయి. బ్రౌజర్ కాగితం రాసి లోపలికి పంపుతుంది, పరికరం సంతకం చేసి బయటికి ఇస్తుంది. తాళంచెవి గడప దాటదు.

ఎట్లా పనిచేస్తుందో చూపిస్తానని చాప మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. తన లెడ్జర్‌కు తీగ కలిపాడు, పిన్ కొట్టాడు. లెడ్జర్‌లో మూడుసార్లు పిన్ తప్పితే లోపలున్నదంతా చెరిగిపోతుంది. రెండు వేళ్ల వెడల్పు తెర వెలిగింది. ముందు ఎంత పంపుతున్నాడో వచ్చింది, తర్వాత ఎవరికి పంపుతున్నాడో ఆ 42 అక్షరాల అడ్రస్ వచ్చింది. టకటకా దాటేసి రెండు బటన్లూ కలిపి నొక్కాడు.

"అడ్రస్ చూసినవా?"

"ల్యాప్‌టాప్‌ల ఉన్నదే కద బావా గిది."

నా భయమంతా ఆ జవాబు గురించే. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే ఇందులోనూ ఉంటే ఈ చిన్న తెర ఎందుకు? పెద్ద తెర అబద్ధం చెప్పగలదు కాబట్టే దీన్ని పెట్టారు.

2024 జులై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్చేంజి వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాయి. మన లెక్కలో దాదాపు 2,000 కోట్ల రూపాయలు. ఆ ఖజానాకు కాపలా తక్కువేం కాదు. ఆరు తాళంచెవులు. సంస్థ మనుషులు ముగ్గురు తమ లెడ్జర్ పరికరాలతో సంతకం చేయాలి, ఆపైన లిమినల్ అనే మరో కంపెనీ ఒప్పుకోవాలి. కావలసిన సంతకాలన్నీ పడ్డాయి. తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకం పడ్డది మరొకటి అని వజీర్‌ఎక్స్ చెప్పింది. తప్పు తమది కాదని లిమినల్ అంది. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ఇది ఉత్తర కొరియా పనేనని ప్రకటించాయి. నెల తిరగ్గానే, ఫిబ్రవరి 21న, బైబిట్ అనే మరో ఎక్స్చేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు అదే తోవన పోయాయి. రెండుచోట్లా తాళంచెవి దొంగల చేతికి చిక్కలేదు. సొంతదారులే సంతకం పెట్టి ఇచ్చారు.

ఏముందో తెలియకుండా ఇలా సంతకం పెట్టడాన్ని బ్లైండ్ సైనింగ్ అంటారు. మా జగిత్యాల జిల్లాలో ఊరూరా దీని అర్థం తెలిసినవాళ్లున్నారు. గల్ఫ్‌కు పంపే ఏజెంటు ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ అరబ్బీ కాగితంలో రాసి ఉన్నది ఇంకొకటి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి ఏళ్లకేళ్లు ఇసుకలో గడిపినవాళ్లు ఎందరో. పరికరం తెర మీద అర్థంకాని అంకెల దండ కనిపిస్తే అది అరబ్బీ కాగితమే. నొక్కకూడదు. ఇంకో మోసం 'అప్రూవ్'. నా ఖాతాలోంచి ఎప్పుడైనా, ఎంతైనా తీసుకో అని ఒక సైటుకు రాసిస్తాం, దొంగ నెల తర్వాత వచ్చి ఊడ్చుకుపోతాడు. మరమగ్గాల కోసం అప్పు తెచ్చి ఖాళీ చెక్కు రాసిచ్చిన సిరిసిల్ల ఆసామికి ఈ బాధ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక, రెట్టింపు చేస్తామని అంటగట్టే నకిలీ కాయిన్‌ను ఏ పరికరమూ అసలుది చేయలేదు.

 

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పరికరం కాదు, కాగితం. మొదటిసారి తెరిచినప్పుడు అది 24 ఇంగ్లీషు మాటలు చూపిస్తుంది, వరసగా రాసుకోవాలి. పరికరం పోతే ఇంకోటి కొని ఆ మాటలిస్తే ఖాతా తిరిగొస్తుంది. కాగితం పోతే, ఆపై పరికరమూ చెడిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ మాటలను బ్రౌజర్‌లో కొట్టినా, ఫొటో తీసినా పరికరం కొన్నదంతా వృథా. ఫోన్ చేసి అవి అడిగేవాడు దొంగే. ఆ మాటలను ఏరేది 2,048 మాటల ఒక జాబితాలోంచి. ఆ జాబితా జపాను, కొరియా, చెక్ భాషల్లో కూడా ఉంది. తెలుగులో లేదు.

మా బామ్మర్ది కాగితం బీరువాలో, పట్టాదారు పాసుబుక్కు మడతలో ఉంది. అతని భార్య బీడీలు చుడుతుంది, తెలుగు బాగా చదువుతుంది. అదేమిటమ్మా అని అడిగితే, "ఏమో అన్నా, ఆయన కాయిదం" అంది. రేపు ఎడారిలో ఆయనకేమన్నా అయితే, ఆ కాయిదం చెత్తలోకి పోయేదే.

అతన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఏ రెండు మాటలకూ మొదటి నాలుగక్షరాలు ఒక్కలా ఉండవు, అందుకే ఆ నాలుగు సరిగ్గా గుర్తుపడితే చాలు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. పరికరం ఎట్లా తెరవాలో, కాగితం దేనికో, ఎవరికి చూపొద్దో ఈ రాత్రే నేర్పమన్నాను.

బీరువా తలుపు తెరిచిన చప్పుడు కాగానే లేచాను.

"ఎటు బావా? నువ్వు గూడ కూసో."

చెప్పులు తొడుక్కుని, తలుపు దగ్గరికేసి, వీధి చివరిదాకా నడిచాను.