ఏకత్వాన్వేషణ

తైపూసం పండుగ దగ్గర పడగానే ఒట్టన్‌చత్రం రోడ్డు భక్తులతో నిండిపోతుంది. కాలినడకన వచ్చేవారు, భుజాన కావడి మోసేవారు సుబ్రహ్మణ్యస్వామిని తలచుకొంటూ పళనికి సాగిపోతారు. నైరుతి దిక్కున ఉన్న పళని కొండలపైన, కొడైకెనాలులో, 1899లో నెలకొన్న సూర్య పరిశోధనశాల ఉంది. శాస్త్రజ్ఞులు అక్కడ నూరేండ్లకు పైగా సూర్యుని ఛాయాచిత్రాలు తీస్తున్నారు. కొండ కింద భక్తి, కొండమీద పరిశోధన. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా? ఒకే మనిషిలో రెండూ ఇమడగలవా?

ప్రకృతిలో వేరువేరుగా కనబడే విషయాల వెనుక ఒకే నియమం ఉంటుందని శాస్త్రజ్ఞులు ఎంతో కాలంగా ఆశిస్తూ వచ్చారు. చెట్టునుండి కాయ రాలడానికీ, చంద్రుడు భూమి చుట్టూ తిరగడానికీ కారణం ఒకే ఆకర్షణ అని న్యూటన్ 1687లో వెలువరించిన గ్రంథంలో చూపాడు. విద్యుత్తు, అయస్కాంతత్వం ఒకే బలానికి రెండు రూపాలనీ, వెలుతురు కూడా దాని తరంగమేననీ 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ తెలిపాడు. నేడు మనకు తెలిసిన ప్రాథమిక బలాలు నాలుగు. అవి గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే ప్రబల బలం, కొన్ని కేంద్రకాల మార్పుకు కారణమైన దుర్బల బలం. ఇవన్నీ ఒకే మూలబలం నుండి వచ్చాయని చూపడమే ఏకీకృత సిద్ధాంతపు లక్ష్యం. ఐన్‌స్టీన్ తన జీవితంలో చివరి ముప్పై ఏండ్లు ఇందుకోసం శ్రమించాడు. కాని ఫలితం దక్కలేదు.

ఈ దారిలో పెద్ద అడుగు వేసినవారిలో అబ్దుస్ సలాం ఒకడు. ఆయన 1926లో, నాటి అవిభక్త భారతదేశంలోని పంజాబులో జన్మించాడు. ఆయనది గాఢమైన దైవభక్తి. అహ్మదీయ శాఖవారు ముస్లింలు కారని పాకిస్థాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించినా, ఆ శాఖకు చెందిన సలాం తన విశ్వాసాన్ని విడువలేదు. విద్యుదయస్కాంత బలానికీ, దుర్బల బలానికీ మూలం ఒకటేనని ఆయన, అమెరికాకు చెందిన వైన్‌బర్గ్ విడివిడిగా ప్రతిపాదించారు. ఇందుకు ముందే దారి వేసిన గ్లాషోతో కలిపి ముగ్గురికీ 1979లో నోబెల్ బహుమతి లభించింది. ఆ సిద్ధాంతం ముందుగా చెప్పిన కణాలు 1983లో ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో బయటపడ్డాయి.

ఇందులో ఒక విశేషముంది. వైన్‌బర్గ్ నాస్తికుడు. ఆస్తికుడూ నాస్తికుడూ ఒకే సిద్ధాంతానికి చేరుకొన్నారు! తమ నమ్మకాలలోని తేడా ఆ పనిలో అడ్డురాలేదని సలాం స్వయంగా రాశాడు. ఏకత్వంపై తనకు గల మొగ్గు మాత్రం, తెలియకుండానే తన మతం నుండి వచ్చి ఉండవచ్చునని కూడా ఒప్పుకొన్నాడు.

సలాం అంతటితో ఆగలేదు. ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతితో కలిసి ప్రబల బలాన్ని కూడా చేర్చే సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రకారం, ఎన్నటికీ చెడదనుకొన్న ప్రోటాను కూడా ఏనాటికో ఒకనాడు నశించాలి. దీనిని పరీక్షించిన తొలి ప్రయోగాలలో ఒకటి తెలుగువారు ఎందరో నివసించే కోలారు ప్రాంతంలోనే జరిగింది. అక్కడి బంగారు గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున భారత, జపాను శాస్త్రజ్ఞులు సుమారు 140 టన్నుల ఇనుముతో ఒక పరికరాన్ని అమర్చి 1980 నుండి గమనించసాగారు. అంత లోతుకు ఎందుకు వెళ్ళారు? ఆకాశం నుండి వచ్చి పడే విశ్వకిరణాలను పైనున్న రాతిపొర చాలావరకు ఆపుతుంది. అంత ఇనుము ఎందుకు? ఒక్క ప్రోటాను కోసం కాచుకొని కూర్చోలేము. లెక్కకు మించిన ప్రోటానులను ఒకచోట చేర్చి గమనిస్తే, ఏ ఒక్కటైనా నశించడం కంటపడవచ్చు.

కొన్ని గుర్తులు కనబడ్డాయని వారు ప్రకటించారు. అయితే అమెరికా, జపానులలో నిర్మించిన ఇంకా పెద్ద పరికరాలలో అది నిర్ధారణ కాలేదు. ప్రోటాను నశించగా నేటివరకు ఎవరూ చూడలేదు. కోలారు గని 2001లో మూతపడింది. అన్వేషణ మాత్రం ఇతర దేశాలలో సాగుతూనే ఉంది.

సలాం భక్తుడని ప్రకృతి ఆయనకు మినహాయింపు ఇవ్వలేదు. వైన్‌బర్గ్ నాస్తికుడని అతనికి సత్యాన్ని దాచలేదు. విశ్వాసం మనిషిని వెదకడానికి పురికొల్పవచ్చు, ఓటమిలో ఓర్పును ఇవ్వవచ్చు. దొరికినది నిజమా కాదా అని తేల్చేది మాత్రం ప్రయోగమే. ఈ హద్దు తెలిసినవారు చేతులు జోడించి మొక్కగలరు, అవే చేతులతో పరికరాన్నీ సరిచూడగలరు.